ఫ్యాను ఆపిన గది: ఒంగోలులో ఒక ఐకాన్ తయారీ

[దృశ్యం: చిన్న గది, కిటికీలు మూసి ఉన్నాయి. బల్ల మీద తెల్లటి చెక్క పలక, గిన్నె, కోడిగుడ్డు.]

మే నెలలో, ఒంగోలులో, ఫ్యాను ఆపుకొని కూర్చున్నాను. మతి పోయి కాదు. బంగారు రేకు అతికిస్తున్నాను. కాస్త గాలి తగిలినా ఎగిరిపోతుంది. తమాషా ఏమిటంటే, అది అంటుకోవడానికి కావలసిందీ ఊపిరే. ఎర్రమట్టి పూత మీద నోటితో వెచ్చగా ఊదితే ఆ చెమ్మ రేకును పట్టుకుంటుంది.

దీన్ని ఐకాన్ అంటారు. గ్రీసు, రష్యా లాంటి దేశాల్లో ఎక్కువగా ఉండే ఆర్థడాక్స్ శాఖ క్రైస్తవులు ఎదురుగా పెట్టుకొని ప్రార్థించే పటం. గ్రీకులో రాయడానికీ బొమ్మ వేయడానికీ ఒకటే మాట కాబట్టి, ఐకాన్‌ను ‘రాస్తారు’ అనడం వాడుక. పదేళ్లు దుకాణాలకు బోర్డులు రాసినవాణ్ని, ఆ మాట నాకు కొత్తగా తోచలేదు.

[దృశ్యం: గుండ్లకమ్మ ఒడ్డు.]

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఈ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బాప్టిస్టుల సీమ ఇది. మా మందిరాల్లో గోడ మీద వాక్యం ఉంటుంది, పటం ఉండదు. అందుకే మా నాయనమ్మ పలకను చూడగానే అడిగింది: “విగ్రహం చేస్తున్నావేమిటిరా?”

పాత ప్రశ్నే. ఎనిమిదో శతాబ్దంలో బైజాంటియన్ (తూర్పు రోమన్) చక్రవర్తులు పటాలను తీయించారు, పగలగొట్టించారు. 787లో నైసియాలో కూడిన క్రైస్తవ సంఘ పెద్దల మహాసభ తేల్చింది: ఆరాధన దేవునికే, పటానికి దక్కేది సిలువకూ సువార్త గ్రంథానికీ ఇచ్చేలాంటి గౌరవం. అయినా తగవు 843 దాకా తెగలేదు.

నాయనమ్మకు సభల సంగతి చెప్పలేదు. ఆమె చేతిలోంచి బైబిలు జారితే చటుక్కున తీసి కళ్లకద్దుకుంటుంది. “ఆ మర్యాద కాగితానికా, అట్టకా?” అన్నాను. “చాల్లే” అంది. కానీ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

[దృశ్యం: చేతులు మాత్రమే, దగ్గరగా.]

చెక్క మీద పలుచటి బట్ట, దాని మీద జంతువుల జిగురులో కలిపిన సుద్ద, పూత మీద పూత. ఆరాక నున్నగా రుద్దాలి. తర్వాత గుడ్డు. తెల్లసొన వదిలేసి పచ్చసొనను ఒక అరచేతిలోంచి ఇంకో అరచేతిలోకి మార్చుతూ తడి ఆర్చాలి. పైపొరను రెండు వేళ్లతో పట్టి, కింద సూదితో పొడిస్తే సొన గిన్నెలోకి జారుతుంది, పొర వేళ్ల మధ్య మిగులుతుంది. కొంచెం నీళ్లు, ఒక చుక్క వెనిగర్, రంగుపొడి. అంతే.

నా చెయ్యి మొరాయించింది ముఖం దగ్గర. బోర్డు మీద ముందు లేత రంగు వేసి తర్వాత నీడలు దిద్దేవాణ్ని. ఇక్కడ తిరగేశారు. మొదట ముఖమంతా బురద రంగు, ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు. మొదటి రోజు చూస్తే దిగులేస్తుంది. దాని మీద కావిరంగు, ఇంకా లేతది, ఇంకా లేతది. చివరికి కంటి పక్కన వెంట్రుకంత తెల్లగీతలు రెండు మూడు. అప్పుడు చూపు వస్తుంది. పని మొదలుపెట్టే ముందు ప్రార్థన చేస్తారు, కొందరు ఉపవాసం ఉంటారు. ఉపవాసంతో గీత తిన్నగా వస్తుందని నేననను. కోపంగా ఉన్న రోజు మాత్రం తప్పకుండా వంకర పోతుంది.

ఇంకో ఇబ్బంది: మూలన నా పేరు, ఫోను నంబరు రాసే అలవాటు. ఐకాన్ ముందు వైపు మామూలుగా చిత్రకారుడి సంతకం పెట్టరు. పేరు ఉండాల్సింది పటంలోని వారిది. క్రీస్తు తల చుట్టూ ఉండే వలయంలో మూడు గ్రీకు అక్షరాలుంటాయి. అర్థం ‘ఉన్నవాడు’. అది చెప్పగానే నాయనమ్మ, దేవుడు మోషేతో తాను ‘ఉన్నవాడను’ అని చెప్పే నిర్గమకాండం మూడో అధ్యాయం అందుకుంది.

ఆ మూడింటినీ రష్యావాళ్లు కూడా గ్రీకులోనే ఉంచారు. క్రీస్తు చేతిలో తెరిచిన పుస్తకంలో మాత్రం వాక్యం ఎవరి భాషలో వారు రాసుకుంటారు. ఏ వాక్యం రాయాలో నాయనమ్మే చెప్పింది, మత్తయి సువార్త పదకొండు, ఇరవై ఎనిమిది: భారం మోసేవారిని ‘నా యొద్దకు రండి’ అని పిలిచే వాక్యం. ఇప్పుడు పాత పలక మీద ఆ తెలుగు అక్షరాలు సాధన చేస్తున్నాను. కళ్లద్దాలు లేకుండా కనబడేంత పెద్దగా ఉండాలట.