మొక్కను పీకకండి, తవ్వి చూడండి

అందరికీ నమస్కారం. చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి దుక్కి పనులు మానుకొని వచ్చారు, ఎక్కువసేపు కూర్చోబెట్టను. వేరు నల్లబడి కుళ్ళే తెగుళ్ళ గురించి మాట్లాడమన్నారు. మందుల పేర్లు రాసుకుందామని కొందరు పుస్తకం, పెన్ను కూడా తెచ్చుకున్నారు. పేర్లు చెప్తాను, కానీ ముందు ఒక్క మొక్క సంగతి చెప్పనివ్వండి.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా మెట్ట చేలో వేరుశనగ అక్కడక్కడా వాడిపోవడం మొదలైంది. నాన్న ఒక మొక్కను పట్టుకొని లాగితే పుల్లలా చేతికి వచ్చేసింది, కింద వేరన్నదే లేదు. చెద కొట్టేసిందన్నాడు. దుకాణంలో గుళికలు ఇచ్చారు, చల్లాం. వారం తిరక్కుండా పక్క మొక్కలు కూడా వాడాయి, మళ్ళీ వెళ్తే ఇంకో సీసా ఇచ్చారు, అదీ అప్పు మీదే. చివరికి చేను చూడ్డానికి వచ్చిన ఒక వ్యవసాయాధికారి మొక్కను ముట్టుకోకుండా పార అడిగారు. చుట్టూ జానెడు లోతు తవ్వి, మట్టిగడ్డతో సహా బకెట్ నీళ్ళలో పెట్టి, మట్టి దానంతటదే కరిగేదాకా ఆగారు. వేరు ఉంది! బొటనవేలి గోటితో గీస్తే పైతొక్క ఉడికిన చామదుంప తొక్కలా జారిపోయింది, లోపల బొగ్గుపొడి చల్లినట్టు సన్నటి నల్లచుక్కలు. "చెద కాదమ్మా, వేరుకుళ్ళు. మీరు పీకినప్పుడల్లా కుళ్ళిన వేరు భూమిలోనే తెగి ఉండిపోతోంది" అన్నారు. ఆ ఏడు మేం పోసిన మందుల్లో ఒక్కటి కూడా ఆ తెగులుకు సంబంధించింది కాదు. అందుకే ఇప్పటికీ ఎవరైనా ఫోన్ చేసి "మొక్క చచ్చిపోతోంది, ఏ మందు కొట్టమంటారు" అంటే ముందు తవ్వారా అని అడుగుతాను.

నలుపు చూడగానే ఒకటే తెగులు అనుకోకండి. పుస్తకాల్లో నల్ల వేరుకుళ్ళు అని ప్రత్యేకంగా చెప్పేది థీలావియాప్సిస్ అనే బూజు వల్ల వస్తుంది, 2018లో దాని పేరు బెర్కెలియోమైసిస్ అని మార్చారు. పొగాకు, పత్తి లాంటి పంటల లేత మొక్కలకు వస్తుంది, దానికి చల్లగా తడిగా ఉండే నేల కావాలి. మన మెట్ట చేలల్లో, ఎండ కాసి వాన మొహం చాటేసినప్పుడు వేరుశనగ, మినుము, నువ్వుల వేళ్ళను నల్లగా ఎండగొట్టేది మాత్రం ఎక్కువగా మాక్రోఫోమినా అనే ఇంకో బూజు, మా చేలో చూసింది అదే. వేరుశనగ మొలకెత్తిన కొత్తలో మొదలు దగ్గర నల్లటి పొడి కనిపిస్తే అది మొదలుకుళ్ళు, ఆస్పర్జిల్లస్ నైగర్ అనే బూజు పని. మొదలు చుట్టూ తెల్లటి దారాలు, వాటి మీద ఆవగింజల్లాంటి గుళ్ళు ఉంటే అది కాండంకుళ్ళు, అది వేరే సంగతి.

ఈ తేడా ఎందుకంటే, పంట మార్పిడి దగ్గర దెబ్బ తినేది ఇక్కడే. థీలావియాప్సిస్ అయితే ధాన్యపు పంటల మీద బతకదు, వాటితో మార్చి వేస్తే తగ్గుతుంది. మాక్రోఫోమినా అలా కాదు, మొక్కజొన్నను, జొన్నను కూడా పడుతుంది. వేరుశనగలో వచ్చిందని మరుసటి పంట మొక్కజొన్న వేసి ధీమాగా ఉంటే లాభం లేదు. వేరు లోపల చూశామన్న ఆ నల్లచుక్కలే దాని గింజలు, నీళ్ళు నిలిచే వరి మడిలో అవి ఎక్కువ కాలం బతకలేవు, పల్లం భూమి ఉన్నవాళ్ళకు ఆ అదృష్టం ఉంది. మెట్ట వాళ్ళు గత్తం మీద, విత్తనశుద్ధి మీద ఆధారపడాల్సిందే.

గత్తం సంగతి చెప్తాను, రాసుకోండి. 90 కిలోల మాగిన పశువుల గత్తం, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి, అంటే తెగులు బూజులను అణిచే మంచి బూజు, కలిపి చెట్టు నీడన కుప్ప పోసి, తడి గోనె కప్పి, పైపైన నీళ్ళు చిలకరిస్తూ పది పదిహేను రోజులు ఉంచండి. కుప్ప మీద పచ్చటి బూజు కమ్ముకుంటుంది. పాడైపోయిందని పారేయకండి, మనకు కావలసింది ఆ బూజే! అది ఒక ఎకరాకు, నేల తడిగా ఉన్నప్పుడు ఆఖరి దుక్కిలో వేయాలి. పొడి నేలలో, మండే ఎండలో చల్లితే అది చచ్చిపోతుంది.

విత్తనానికి కిలోకు 3 గ్రాముల మాంకోజెబ్, వేరుశనగకైతే 1 గ్రాము టెబ్యుకోనజోల్ పొడి మందు అయినా సరే, లేదంటే 10 గ్రాముల ట్రైకోడెర్మా. రసాయన మందూ ట్రైకోడెర్మా రెండూ ఒకే గింజకు ఒకేసారి పట్టించకండి, మొదటిది రెండోదాన్ని చంపేసే ప్రమాదం ఉంది. వేరుశనగ గింజ పైపొర పలచన, చేత్తో గట్టిగా రుద్దితే ఊడిపోతుంది, గోనె మీద పోసి ఇద్దరు రెండు వైపులా పట్టుకొని మెల్లగా దొర్లించండి.

శ్రీకాకుళం వైపు వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము, పెసర చల్లేవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. అక్కడ దుక్కి లేదు, గత్తం కలిపే వీలు లేదు, గింజ చేతిలో ఉన్నంతసేపే మనకు అవకాశం. చాలామంది ఎకరానికి అయ్యే ఆ కొద్దిపాటి మందు దగ్గర పొదుపు చేసి తర్వాత సీసాలు కొంటున్నారు. నాకు బాధ కలిగేది అక్కడే.

చేలో కనిపించాక ఏం చేయాలి? వాడిన మొక్క తిరిగి లేవదు, ఏ మందు పోసినా లేవదు. లేస్తుందని చెప్పి అమ్మేవాళ్ళ మాట నమ్మకండి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి, చచ్చిన మొక్క చుట్టూ ఉన్న మంచి మొక్కల మొదళ్ళు తడిసేలా పోయండి, అది వాటిని కాపాడుకోవడానికే. చచ్చిన మొక్కలను వేరుతో సహా తవ్వి తీసి తగలబెట్టండి. గట్టు మీద పడేయొద్దు, గత్తం గుంటలో అసలే వేయొద్దు, మరుసటి ఏడు బండి కట్టి మనమే చేనంతా పంచినట్టవుతుంది.

ఈసారి విత్తాక ఎవరి చేలోనైనా మొక్క తల వాల్చితే, పారతో తవ్వి మట్టిగడ్డతో సహా తడి గోనెలో చుట్టి బేగి పట్టుకురండి. ఈ అరుగు మీదే కూర్చుని బకెట్ నీళ్ళలో పెట్టి అందరం కలిసి చూద్దాం.