అరవై అయిదు నిండకముందే చేరాల్సిన ఉత్తరం

(అమెరికాలో ఇన్సూరెన్స్ లైసెన్సు కొత్తగా తీసుకున్న తెలుగు ఏజెంట్ల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మీలో ఎక్కువమంది మెడికేర్ సప్లిమెంట్, అంటే మెడిగ్యాప్ పాలసీలు అమ్మాలని వచ్చారు. మెడికేర్ అంటే ప్రధానంగా అరవై అయిదు నిండినవాళ్లకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, అది కట్టని ఖర్చులో భాగాన్ని భరించే ప్రైవేటు పాలసీ మెడిగ్యాప్. మనుషులను ఎక్కడ వెతుక్కోవాలన్నది మీ మొదటి ప్రశ్న. పోస్టులో ఉత్తరం పంపండి, అదే నా జవాబు. అమ్మకాల ఫోన్లు వద్దన్నవాళ్ల నంబర్లుండే డూ నాట్ కాల్ జాబితాలోని నంబరుకు పరిచయం లేకుండా ఫోన్ చేసి అమ్మబోతే చట్టం ఒప్పుకోదు. ఉత్తరానికి ఆ అడ్డు లేదు. పైగా కాగితం చేతిలో ఉంటే భార్యాభర్తలు కలిసి చదువుకుంటారు, ఫోటో తీసి పిల్లలకు పంపుతారు, రెండు వారాల తర్వాత సొరుగులోంచి మళ్లీ తీసి చూస్తారు. ఆరోగ్యం, డబ్బు ముడిపడిన నిర్ణయం అలా నిదానంగానే జరగాలి.

అయితే ఆ కాగితం మీద ఏముండాలి? ఇవాళ నేను మాట్లాడేది దాని గురించే.

అరవై నాలుగు దాటినవాళ్ల మెయిల్‌బాక్స్ ఒకసారి చూడండి. వారం వారం కట్టలు కట్టలుగా వస్తాయి. వాటిలో కొన్ని కవర్ల మీద పంపినవాళ్ల పేరుండదు. "ముఖ్యమైన సమాచారం", "చివరి నోటీసు" అని మాత్రం పెద్దక్షరాల్లో ఉంటుంది. సర్కారు ఆఫీసు నుంచి వచ్చిందేమోనని కంగారుపడి తెరవాలన్నదే ఆ కవరు ఉద్దేశం. సోషల్ సెక్యూరిటీ చట్టంలో 1140వ సెక్షన్ ఉన్నది ఇలాంటివాటిని ఆపడానికే. మెడికేర్ పేరునో గుర్తునో వాడి ప్రభుత్వమే పంపినట్టు భ్రమ కలిగిస్తే జరిమానా పడుతుంది. రాష్ట్రాల నిబంధనలు ఇంకో మాట కూడా చెబుతాయి: ఇది ఇన్సూరెన్స్ అమ్మడానికి పంపిన ఉత్తరమనీ, జవాబిస్తే ఏజెంటు సంప్రదిస్తాడనీ స్పష్టంగా కనబడేలా రాయాలి. ఏ మూలనో చీమ తలకాయంత అక్షరాల్లో కాదు, పైనే రాయండి. జవాబులు తగ్గుతాయేమోనని కొందరు జంకుతారు. తగ్గితే తగ్గనివ్వండి. మీరెవరో తెలిసి, ఉత్తరంతో వచ్చిన రిప్లై కార్డు నింపి పంపినవాళ్లతోనే మాట ముందుకు సాగుతుంది.

ఇక అసలు విషయం. మనం అమ్మేది దేన్ని పూడుస్తుందో ఒక్క పేరాలో చెప్పాలి. డాక్టర్ల ఫీజుల్లాంటి ఖర్చులు చూసే మెడికేర్ భాగం పార్ట్ బీ. అందులో ముందుగా మనిషే కట్టుకోవాల్సిన మొత్తం, అంటే డిడక్టబుల్ పోను మిగిలిన బిల్లులో మెడికేర్ సాధారణంగా 80 శాతం కడుతుంది. మిగతా 20 శాతం మనిషి మీద పడుతుంది, దానికి పైన హద్దు లేదు. గుండె ఆపరేషన్ చేసిన సర్జన్ ఫీజు అయినా, ఏడాది పొడవునా కీమోథెరపీ అయినా అదే 20 శాతం. మెడిగ్యాప్ ఉన్నది ఆ ఖాళీ కోసం. మెడిగ్యాప్ ప్లాన్లకు పేర్లు ఇంగ్లీషు అక్షరాలే. వాటిలో ప్లాన్ జీ తీసుకుంటే మెడికేర్ ఒప్పుకున్న డాక్టరు బిల్లుల్లో మనిషి కట్టుకోవాల్సింది పార్ట్ బీ డిడక్టబుల్ మాత్రమే, 2025లో అది 257 డాలర్లు. ఒకే అక్షరం ఉన్న ప్లాన్‌లో మూల సదుపాయాలు ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే, మసాచుసెట్స్, మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో మాత్రం పద్ధతి వేరు. తేడా అంతా ప్రీమియంలోనే. అందుకే మొదటి ఏడాది ప్రీమియం ఒక్కటే అచ్చువేసి ఊరుకోకండి. వయసుతోపాటు అది పెరిగే రకమో కాదో కూడా రాయండి.

ఇంతకంటే ముఖ్యమైనది గడువు. అరవై అయిదు నిండి, పార్ట్ బీ మొదలైన నెల నుంచి ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో షుగరున్నా, స్టెంట్ వేసినా, క్యాన్సర్ వచ్చి తగ్గినా కంపెనీ పాలసీ ఇవ్వాల్సిందే, ఆరోగ్యం బాగాలేదని ప్రీమియం పెంచకూడదు. గడువు దాటాక కొన్ని ప్రత్యేక సందర్భాలు తప్ప చాలా రాష్ట్రాల్లో ఆరోగ్య ప్రశ్నలు అడుగుతారు, కాదనే హక్కు కూడా కంపెనీకి ఉంటుంది. న్యూయార్క్, కనెక్టికట్ లాంటి కొద్ది రాష్ట్రాలే దీనికి మినహాయింపు. మన వాళ్లలో షుగరు, గుండె జబ్బులు ఎంత మామూలో మీకు తెలుసు. అందుకే ఈ గడువు గురించి చెప్పని ఉత్తరం నా దృష్టిలో పంపదగ్గది కాదు.

ఇక్కడే ఒక చిక్కుంది. మనం కొనే అడ్రసుల లిస్టుకు తెలిసింది పుట్టినరోజు ఒక్కటే. గడువు మొదలయ్యేది మాత్రం పార్ట్ బీతో. మన ఇంజనీర్లు, డాక్టర్లు చాలామంది అరవై ఏడు, అరవై ఎనిమిది దాకా పనిచేస్తారు. ఇరవై మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ ఇచ్చే ఇన్సూరెన్స్ ఉంటే పార్ట్ బీ వాయిదా వేసుకోవచ్చు, పెనాల్టీ ఉండదు. అలాంటి మనిషి మన ఉత్తరం చూసి కంగారుపడి అరవై అయిదుకే పార్ట్ బీ తీసుకున్నాడనుకోండి. అతని ఆరు నెలలు ఆఫీసు ఇన్సూరెన్స్ ఉండగానే అయిపోతాయి. రెండేళ్ల తర్వాత రిటైరై మెడిగ్యాప్ అడిగితే ఆరోగ్య ప్రశ్నలు ఎదురవ్వచ్చు. మేలు చేయబోయి కీడు చేసినవాళ్లమవుతాం.

అందుకని రిప్లై కార్డు మీద పేరు, ఫోన్ నంబరుతో సరిపెట్టకండి. "ఇంకా ఉద్యోగం చేస్తున్నారా? మీకు గానీ, మీ భార్యకు లేదా భర్తకు గానీ ఆఫీసు ఇన్సూరెన్స్ ఉందా? ఎప్పుడు రిటైరవ్వాలనుకుంటున్నారు?" అని అడగండి. ఉద్యోగం చేస్తున్నామన్నవాళ్ల కార్డులు పారేయకుండా, వాళ్లు చెప్పిన తేదీకి మూడు నెలల ముందు మళ్లీ రాయండి. ఆ రెండో ఉత్తరంలో కోబ్రా గురించి, అంటే మానేసిన ఉద్యోగం తాలూకు ఇన్సూరెన్స్‌ను సొంత ఖర్చుతో కొంతకాలం కొనసాగించుకునే వీలు గురించి తప్పకుండా చెప్పాలి. ఉద్యోగం మానాక కోబ్రాతో పాత ఇన్సూరెన్స్ కొనసాగుతోంది కదా, పార్ట్ బీ నిదానంగా తీసుకోవచ్చనుకుంటారు. కోబ్రా లెక్కలోకి రాదు. ఉద్యోగంతో వచ్చిన ఇన్సూరెన్స్ గానీ, ఉద్యోగం గానీ, ఏది ముందు ఆగితే అక్కడి నుంచి ఎనిమిది నెలల్లో పార్ట్ బీకి అప్లై చేయాలి. అది తప్పితే జనవరి నుంచి మార్చి దాకా ఉండే గడువు కోసం ఆగాలి, ఆలస్యమైన ప్రతి పన్నెండు నెలలకూ ప్రీమియం మీద 10 శాతం పెనాల్టీ పడుతుంది.

పుట్టినరోజు మాటకొస్తే, మన తరంవాళ్లకు అసలు తేదీ ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్‌లో తేదీ ఇంకొకటి. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వేసిన జూలై 1 ఎంతమందికి ఉందో! ఇక్కడ సాధారణంగా చెల్లేది పాస్‌పోర్టులో ఉన్న ఆ సర్టిఫికెట్ తేదీయే. నెల ఒకటో తారీఖున పుట్టినట్టు రికార్డులో ఉంటే మెడికేర్ ఒక నెల ముందే మొదలవుతుంది, జూలై 1 అయితే జూన్ నుంచే. మీ లిస్టులో ఒకటో తారీఖు వాళ్లకు ఉత్తరాలు ఒక నెల ముందు పోస్టు చేయండి.

ఖర్చు గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. పోస్టల్ సర్వీసు మార్కెటింగ్ మెయిల్ రేటు రావాలంటే ఒకేసారి కనీసం 200 కవర్లు, లేదా 50 పౌండ్ల బరువు ఉండాలి. ఆ రేటులో పంపినవి చేరడానికి రోజులు పడతాయి, అది లెక్కలో పెట్టుకోండి. ఊరంతటికీ ఒకసారి పంపి ఊరుకోవడం కంటే ఒకే జిప్ కోడ్‌లో నెలనెలా అరవై అయిదుకు చేరువవుతున్నవాళ్లకు క్రమం తప్పకుండా పంపడం మేలు.

చివరిగా మన వాళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇండియా వెళ్తే పనికొస్తుందా?" కొద్ది సందర్భాల్లో తప్ప మెడికేర్ అమెరికా బయట పనిచేయదు. ప్లాన్ జీ, ఎన్ లాంటివి విదేశాల్లో ఎమర్జెన్సీకి 250 డాలర్ల డిడక్టబుల్ పోను 80 శాతం కడతాయి, జీవితం మొత్తానికి 50,000 డాలర్ల దాకా. కానీ ప్రయాణంలో మొదటి 60 రోజుల్లో మొదలైన ఎమర్జెన్సీకే. రిటైరైనవాళ్లు చలికాలమంతా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గడిపి వస్తారు. 60 రోజుల సంగతి ఉత్తరంలోనే రాయండి, మిగతా రోజులకు ట్రావెల్ ఇన్సూరెన్స్ విడిగా తీసుకోమని చెప్పండి, అందులో మీకు కమీషన్ రాకపోయినా సరే. కింద మీ రాష్ట్రంలో మెడికేర్ మీద ఉచితంగా సలహా ఇచ్చే షిప్ కార్యాలయం నంబరు వేయండి. మిమ్మల్ని నమ్మకముందే వాళ్లను అడిగి చూసుకునే వీలుండాలి.

నేను పంపే రెండు ఉత్తరాల నకళ్లు, రిప్లై కార్డుతో సహా, ఆ టేబుల్ మీద ఉన్నాయి. తలా ఒకటి తీసుకుని చదవండి. ఎక్కడ అర్థం కాలేదో ఆ వాక్యం కింద గీత గీసి ఇవ్వండి, టీ తర్వాత అందరం కూర్చుని ఆ వాక్యాలనే సరిచేద్దాం.