చిన్న బడిలో పిల్లల లెక్కను ఎలా చదవాలి?

(తెర మీద: ఇందుకూరుపేట వైపు రోడ్డు, రొయ్యల గుంటలు, రెండు గదుల బడి)

నమస్కారం. నెల్లూరు జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఉందనుకోండి. ఒకటి నుంచి అయిదు దాకా కలిపి 25 మంది పిల్లలు. అక్కడ ఒక్క బిడ్డంటే నాలుగు శాతం! రెండు కుటుంబాలు పనికి వేరే ఊరెళ్లి అయిదుగురు పిల్లలు తగ్గితే, కాగితం మీద 20 శాతం పడిపోయినట్టే. అందుకే చిన్న బడి విషయంలో శాతాలు పక్కన పెట్టి పిల్లల్నే లెక్కపెట్టండి.

(తెర మీద: తరగతుల వారీ పట్టిక)

పాత సంవత్సరాలతో పోల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. 2022లో రాష్ట్ర ప్రభుత్వం బడుల సర్దుబాటు మీద ఇచ్చిన 117 జీవో వచ్చాక చాలా చోట్ల మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూలుకు పంపారు. బడిలో ఒకటి, రెండే మిగిలాయి. ఆ ఏడాది రోలు, అంటే బడి రిజిస్టరులోని పిల్లల సంఖ్య, సగానికి పైగా పడిందంటే పిల్లలు చదువు మానేశారని కాదు. 2025లో ఆ జీవో రద్దయింది.

టీచర్ల సంఖ్య కూడా రోలు మీదే ఆధారపడుతుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు, 61 నుంచి 90 దాకా ముగ్గురు ఉండాలి. మన 25 మంది బడికి ఇద్దరే. ఒకరు సెలవు పెడితే అయిదు తరగతులూ ఒక్కరి మీదే.

(తెర మీద: ఆడపిల్లలు, మగపిల్లలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ గడులు)

ఈ గడులు నింపేసి వదిలేస్తారు. నాకైతే అసలు కథంతా ఇక్కడే ఉందనిపిస్తుంది. ఆడపిల్లలు బాగా ఎక్కువుంటే, మగపిల్లల్ని ఫీజు కట్టి కాన్వెంటుకు పంపుతున్నారేమో ఊళ్లో కనుక్కోండి.

ఎస్టీ గడి దగ్గర కాసేపు ఆగండి. నెల్లూరు ఎస్టీల్లో ఎక్కువమంది యానాదులు. రొయ్యల గుంటల కాపలాకో, ఇటుక బట్టీలకో కుటుంబమంతా కదిలితే బిడ్డ పేరు రిజిస్టరులో ఉంటుంది, బిడ్డ ఉండదు. తిరిగొచ్చాక బర్త్ సర్టిఫికెట్ లేదని చేర్చుకోకపోతే అది చట్టవిరుద్ధం. వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి.

(తెర మీద: యూడైస్ ప్లస్ రిపోర్టు కార్డు)

మీ బడి రిపోర్టు కార్డు యూడైస్ ప్లస్‌లో, అంటే దేశంలోని బడుల వివరాలుండే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, ఎవరైనా చూడొచ్చు. దానికి కావాల్సిన మీ బడి 11 అంకెల కోడ్ హెడ్మాస్టరు గారిని అడగండి. కార్డులోని సంఖ్యనూ, మధ్యాహ్నం భోజనానికి కూర్చునే పిల్లల్నీ పోల్చండి. రోజూ తేడా కనిపిస్తుంటే తల్లిదండ్రుల కమిటీ మీటింగులో పేరుపేరునా అడగండి: ఆ బిడ్డ ఇప్పుడు ఎక్కడుంది, అక్కడికి దగ్గర్లో ఏ బడి ఉంది, ఆ బడి వాళ్లతో మనలో ఎవరు మాట్లాడతారు?