49 డాలర్ల 7 సెంట్లు: ‘ద హార్డర్ దే ఫాల్’ విప్పి చూపిన బాక్సింగ్ లెక్కలు

(తెరపై: ఒక కార్యాలయం, తెరిచి ఉన్న లెక్కల పుస్తకం. నలుపు తెలుపు చిత్రం.)

నమస్కారం. ఈ సినిమా చివర్లో, న్యూయార్క్‌లో హెవీవెయిట్ ఛాంపియన్‌షిప్ పోటీ ముగిసింది. వసూళ్లు పది లక్షల డాలర్లు దాటాయి. ఓడిపోయిన బాక్సర్ టోరో మోరెనోకు దవడ విరిగింది. అతనికి రావలసిన సొమ్ము ఎంతో చెప్పమని అతని ప్రచారం చూసే ఎడ్డీ విలిస్ అడిగినప్పుడు, లెక్కలు చూసే లియో పుస్తకం ముందు పెట్టుకుని, ఒక్కొక్క ఖర్చునూ తీసివేసుకుంటూ వచ్చి, గొంతులో ఏ మార్పూ లేకుండా మిగిలిన మొత్తం చదువుతాడు: 49 డాలర్ల 7 సెంట్లు.

1956లో కొలంబియా పిక్చర్స్ విడుదల చేసిన ‘ద హార్డర్ దే ఫాల్’లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలచివేసిన సన్నివేశం ఇదే. ఇందులో ఒక్క గుద్దు కూడా లేదు. ఆ అంకె ఎలా తయారైందో ఈ వీడియోలో చూద్దాం.

బడ్ షుల్‌బర్గ్ 1947లో రాసిన నవల ఆధారంగా మార్క్ రాబ్సన్ ఈ చిత్రానికి దర్శకత్వం వహించారు. ఎడ్డీ విలిస్‌గా హంఫ్రీ బోగార్ట్ నటించారు. ఇది ఆయన చివరి చిత్రం. 1957 జనవరి 14న ఆయన కన్నుమూశారు. ఎడ్డీ చాలా ఏళ్లు పేరున్న క్రీడా విలేకరిగా పనిచేసినవాడు, ఇప్పుడు పత్రిక మూతపడి ఉద్యోగం లేకుండా ఉన్నవాడు. అతన్ని పిలిపించి ప్రచారం పని అప్పగించే ప్రొమోటర్ నిక్ బెంకోగా రాడ్ స్టైగర్ నటించారు. నిక్‌కు కావలసింది ఎడ్డీ తెలివితేటలు మాత్రమే కాదు. ఇన్నేళ్లుగా పాఠకులు అతని పేరు మీద పెంచుకున్న నమ్మకం కూడా.

అమ్మవలసిన సరుకు టోరో. అర్జెంటీనా నుంచి తెచ్చిన ఈ భారీకాయుణ్ణి చూస్తే ఎదుటివాడికి గుండె జారిపోతుంది గాని, అతని గుద్దులో బలం లేదు, దవడ మీద ఒక దెబ్బ పడితే నిలబడే శక్తీ లేదు. పైన పటారం, లోన లొటారం. ఆ సంగతి నిక్‌కు మొదటి రోజే తెలుసు, ఎడ్డీకీ తెలుసు, ఇద్దరూ టోరో దగ్గర కూడా దాచిపెట్టారు. ప్రత్యర్థులకు డబ్బిచ్చి ఓడిపోయేలా ఒప్పిస్తారు, టోరో బొమ్మలతో అలంకరించిన బస్సులో ఊరూరా తిప్పుతారు, ఎడ్డీ రాతలతో అతనికి లేని పేరు తెచ్చిపెడతారు. పాపం, ఆ గెలుపులన్నీ తనవేనని టోరో నమ్ముతాడు.

(తెరపై: బాక్సర్ల గది. అద్దం ముందు ఒక నోరు, దగ్గరగా.)

ఒప్పందానికి లొంగనివాడు ఎదురైతే ఏం చేస్తారో ఈ చిత్రం చాలా దగ్గర నుంచి చూపిస్తుంది. చీఫ్ ఫైర్‌బర్డ్ అనే ఆదివాసీ బాక్సర్, తన తెగవాళ్లు చూస్తుండగా టోరో లాంటివాడి గుద్దుకు పడిపోలేనంటాడు. అతని అభిమానాన్ని కాదనకుండానే వాళ్లు దారి వెతుకుతారు. నోటిలో పెట్టుకునే రక్షణ కవచం వెనుక సన్నని ఇనుప తీగల వల పెట్టుకుంటే, దెబ్బ తగిలినప్పుడు చిగుళ్లు చీరుకుని రక్తం కారుతుంది, రిఫరీ పోటీ ఆపేస్తాడు, అతడు కింద పడినట్టూ ఉండదు. ప్రేక్షకులకు కనబడే రక్తం నిజమైనదే, కనబడే గెలుపు మాత్రం అబద్ధం.

తరువాతి మలుపు మరింత దారుణమైనది. మాజీ ఛాంపియన్ గస్ డండీ, అంతకు ముందు బడ్డీ బ్రానెన్ అనే ఛాంపియన్ చేతిలో తలకు తీవ్రంగా దెబ్బలు తిని, కోలుకోకుండానే టోరోతో బరిలోకి దిగి, కుప్పకూలి చనిపోతాడు. తానే చంపానని టోరో కుమిలిపోతాడు. నిక్ మనుషులకు అది టికెట్లు అమ్ముకునే అవకాశం.

ఈ కథ గాలిలోంచి పుట్టలేదు. 1933 ఫిబ్రవరిలో ఇటలీకి చెందిన బాక్సర్ ప్రిమో కార్నెరాతో పోటీపడిన ఎర్నీ షాఫ్ నాలుగు రోజులకు మరణించాడు. అంతకు ముందు ఏడాది అతడు మాక్స్ బేర్ చేతిలో ఘోరంగా దెబ్బలు తిన్నాడు. అదే 1933 జూన్‌లో కార్నెరా ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, 1934 జూన్ 14న అదే మాక్స్ బేర్ చేతిలో పదే పదే కింద పడి ఆ బిరుదు పోగొట్టుకున్నాడు. చిత్రంలో చివరి పోటీలో టోరో దవడ విరగ్గొట్టే బ్రానెన్ పాత్ర వేసింది సాక్షాత్తూ ఆ మాక్స్ బేరే. నటుల ఎంపికలో ఇంత నిర్దయ నేను మరెక్కడా చూడలేదు. తన జీవితాన్నే వాడుకున్నారని కార్నెరా కొలంబియా సంస్థ మీద 15 లక్షల డాలర్లకు దావా వేశాడు, ఓడిపోయాడు.

శిక్షకుడు జార్జ్‌గా మరో ప్రపంచ ఛాంపియన్ జెర్సీ జో వాల్కాట్ నటించారు. ఎడ్డీ చివరికి నిజం చెప్పినా టోరో నమ్మడు. అప్పుడు వయసు మళ్లిన జార్జ్ అతని ముందు నిలబడి, గుద్దులన్నీ కాచుకుని, తిరిగి కొట్టి పడేస్తాడు. వెండితెర మీద ఒక మనిషి కలను ఇంత మర్యాదగా, ఇంత బాధతో కూల్చిన ఘట్టాలు అరుదు.

చిత్రం వచ్చిన రోజుల్లో అమెరికా బాక్సింగ్ నిజంగానే కొద్దిమంది చేతుల్లో ఉండేది. గుత్తాధిపత్య నిరోధక చట్టం బాక్సింగ్‌కూ వర్తిస్తుందని 1955లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. 1947లో బిల్లీ ఫాక్స్‌కు కావాలనే ఓడిపోయానని బాక్సర్ జేక్ లామోటా 1960లో సెనేట్ ఉపసంఘం ముందు ఒప్పుకున్నాడు. తెర వెనుక నుంచి పోటీలను నడిపించిన ఫ్రాంకీ కార్బోకు 1961లో 25 ఏళ్ల శిక్ష పడింది.

(తెరపై: మళ్లీ ఆ లెక్కల పుస్తకం.)

ఇప్పుడు ఆ 49 డాలర్ల దగ్గరకు తిరిగి వెళదాం. ఖర్చుల పద్దు రాసేది వాటా తీసుకునేవాళ్లే గనుక, మిగులు ఎంత ఉండాలో వాళ్లే నిర్ణయిస్తారు. తన పేరు మీద జరిగిన వ్యాపారం పద్దును తనకు తానుగా చూసే దారి టోరోకు లేదు. పైగా అతని కాంట్రాక్టును నిక్ మరొక ప్రొమోటర్‌కు 75 వేల డాలర్లకు అప్పుడే అమ్మేశాడు. ఎడ్డీ తనకు ముట్టిన 26 వేల డాలర్లు టోరో చేతిలో పెట్టి, అర్జెంటీనా విమానం ఎక్కించి, ఇంటికి వచ్చి టైప్‌రైటర్ ముందు కూర్చుంటాడు.

అతడు టైపు చేసే మాటలు ఈ చిత్రం అన్ని ప్రతులలోనూ ఒకటి కావు. ఒక ప్రతిలో బాక్సింగ్‌ను చట్టం చేసి నిషేధించాలని రాస్తాడు, మరొక ప్రతిలో విచారణ జరపాలని మాత్రమే రాస్తాడు. నా మటుకు నాకు మొదటిదే ఎడ్డీ రాయగల వాక్యం. తన చేతి రాతతోనే ఒక అమాయకుణ్ణి దవడ విరిగేదాకా తెచ్చినవాడు, విచారణ కోరి ఊరుకోలేడు.