డెలివరీ బండి గుద్దిందా? సంతకం పెట్టే ముందు ఇది చూడండి

(తెర మీద: బరంపురం, గాంధీనగర్ వీధి. రాత్రి ఎనిమిది. వరసగా బండ్ల లైట్లు.)

నమస్కారం. రాత్రి ఎనిమిదికి మా ఒడిశా బరంపురంలో ఏ వీధిలో నిలబడ్డా, వీపున పెద్ద సంచి తగిలించుకుని సర్రున పోయే బండ్లే కనిపిస్తాయి. అలాంటిదొకటి పోయినేడు మా బాబాయిని గుద్దింది. ఆయనది నేత పని. పాల ప్యాకెట్టు పట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. మోకాలి దగ్గర ఎముక విరిగింది.

గుద్దిన కుర్రాడు పారిపోలేదు, అది చెప్పాలి. తనే ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. జేబులో ఉన్న మూడు వేలూ బాబాయి చేతిలో పెట్టి, "మౌసా, కేసు పెట్టొద్దు, నా ఐడీ పోతుంది" అని ఏడ్చాడు. ఐడీ అంటే డెలివరీ యాప్‌లో వాడి ఖాతా, అది పోతే పని పోయినట్టే. బాబాయి మనసు కరిగిపోయింది. ఎవరో తెల్లకాగితం తెచ్చి ఒడియాలో నాలుగు ముక్కలు రాశారు. బాబాయి సంతకం పెట్టేశాడు.

బాబాయి ఒడియా గలగలా మాట్లాడతాడు. కానీ చదువుకున్నది తెలుగు బడిలో, ఒడియా అక్షరం ముక్క రాదు. మన సరిహద్దు ఊళ్లలో, పర్లాకిమిడి అయినా రాయగడ అయినా, ఇలాంటి పెద్దవాళ్లు ఇంటికొకరు ఉంటారు. వారం తర్వాత మా తమ్ముడు ఆ కాగితం చదివాడు. అందులో ఏముందో తెలుసా? "నిజె పొడిగొలె." అంటే, తనంతట తనే పడ్డాడు అని!

(తెర మీద: ఖాళీ కాగితం, కింద ఒక సంతకం.)

ఇక్కడ అందరూ పొరబడేది ఒకటుంది. పరిహారం అంటే ఆ కుర్రాడి జేబులోంచి వస్తుందనుకుంటాం. పాపం వాడేం ఇస్తాడు అని వదిలేస్తాం. కానీ 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రోడ్డెక్కే ప్రతి మోటారు బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే ఆ బండి వల్ల దెబ్బతిన్న బయటివాళ్ల కోసం ఉండే బీమా, తప్పనిసరి. గాయపడ్డవాళ్లకి డబ్బు కట్టాల్సింది ముందుగా ఆ ఇన్సూరెన్స్ కంపెనీ. కుర్రాడి మీద జాలి ఉంటే ఉండనివ్వండి. ఆ జాలితో ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు మిగల్చక్కర్లేదు.

ఆ కంపెనీ లాయరు మొదట వెతికేది ఏమిటి? ఆసుపత్రి వాళ్లు రాసుకున్న మొదటి చీటీ, ఎఫ్ఐఆర్. ఈ రెండింట్లో ఎక్కడ "జారి పడ్డాడు" అని ఉన్నా పట్టుకుని వదలరు. అందుకే క్యాజువాలిటీలో డాక్టరు "ఎలా తగిలింది" అని అడిగినప్పుడు, "బండి గుద్దింది" అని నంబరుతో సహా చెప్పి, అదే రాశారా అని చూసుకోండి. స్టేషన్లో ఫిర్యాదు రాశాక మీకు చదివి వినిపించాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇది 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, అంటే పోలీసు కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టంలో, 173వ సెక్షన్లో ఉంది. ఒడియా చదవడం వచ్చిన పిల్లాడు ఇంట్లో ఉంటే వాణ్ణి వెంట తీసుకెళ్లండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మేం ఆలస్యంగా మేలుకున్నాం. పక్క మిఠాయి దుకాణం సీసీటీవీలో ఆ రాత్రి రికార్డింగు ఇంకా చెరిగిపోకపోవడం మా అదృష్టం. చాలా కెమెరాలు కొద్ది రోజులకే పాతది తుడిచేసుకుంటాయి. కాబట్టి రికార్డింగు తీసుకునే పని మర్నాడే చేయండి.

ఇక ఆ బండి సంగతి. ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో బండి నంబరు కొడితే ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది. డెలివరీ బండ్లతో వచ్చే చిక్కంతా దీని తర్వాతే. చాలామందిది తెల్ల నంబరు ప్లేటు, సొంత వాడకానికి తీసుకున్న పాలసీ. "సొంతానికని చెప్పి సరుకు మోస్తున్నాడు, షరతు తప్పాడు, మేం కట్టం" అంటుంది కంపెనీ. అలాంటప్పుడు ట్రిబ్యునల్, అంటే ప్రమాద పరిహారం తేల్చే కోర్టు, కొన్నిసార్లు "ముందు బాధితుడికి కట్టండి, తర్వాత బండి ఓనరు దగ్గర వసూలు చేసుకోండి" అంటుంది. లైసెన్సు లోపాల విషయంలో ఈ దారి 2004లో సుప్రీంకోర్టు స్వరణ్ సింగ్ కేసులో వేసింది. మీ కేసులో వర్తిస్తుందా లేదా అన్నది పాలసీలో రాసిన షరతుల్ని బట్టి ఉంటుంది. అందుకే ఆ పాలసీ కాపీ సంపాదించండి.

దీనికంటే పెద్ద చిక్కు చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్లది. 250 వాట్ల లోపు మోటారు, గంటకి 25 కిలోమీటర్లు దాటని వేగం అయితే చట్టం లెక్కలో అది మోటారు వాహనమే కాదు. రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్సు అక్కర్లేదు, ఇన్సూరెన్సూ ఉండదు. అది గుద్దితే ఎముక మాత్రం మామూలుగానే విరుగుతుంది! అప్పుడు మామూలు సివిల్ దావా దారి చూసుకోవాలి. ఆ స్కూటరు నిజంగా ఆ కొలతల్లోనే ఉందా, వేగం పెంచేలా మార్చారా అన్నది పోలీసుల చేత తనిఖీ చేయించమని అడగండి.

మరి యాప్ కంపెనీ? వాళ్లని అడిగితే "అతను మా ఉద్యోగి కాదు, డెలివరీ పార్ట్‌నర్" అంటారు. అలాగని వదిలేయకండి. పిటిషన్లో డ్రైవరు, ఓనరు, ఇన్సూరెన్స్ కంపెనీతో పాటు వాళ్లనీ ప్రతివాదిగా చేర్చమని మీ లాయరుతో మాట్లాడండి. ఆ నిమిషంలో కుర్రాడు ఆర్డరు మీద ఉన్నాడా అన్న రికార్డు వాళ్ల దగ్గరే ఉంటుంది. దాన్ని తెప్పించే అధికారం ట్రిబ్యునల్‌కి ఉంది. బాధ్యత వాళ్లదేనని తేలుతుందని మాట ఇవ్వలేను, కానీ రికార్డు బయటికొస్తే కేసుకి బలం. కొందరు ఇంకొకరి ఐడీ మీద బండి నడుపుతుంటారు, అది కూడా అప్పుడే బయటపడుతుంది.

(తెర మీద: గుంట మగ్గం, కాలితో తొక్కే పలక.)

ఎంత వస్తుంది? అందరూ అడిగేది ఇదే. రెండు దారులున్నాయి. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద తప్పెవరిదని నిరూపించకుండానే, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయమే. రెండోది 166వ సెక్షన్, తప్పు నిరూపించి పూర్తి నష్టం అడిగే పెద్ద పిటిషన్. కానీ 164 డబ్బు తీసుకుంటే ఈ పిటిషన్ పోతుంది. కాబట్టి తొందరపడకండి.

166 కింద లెక్క ఎలా ఉంటుందో చూడండి. వయసు 44, నెలకి 12,000 సంపాదన అనుకుందాం. సొంత పని చేసుకునేవాళ్లకి 40 నుంచి 50 ఏళ్ల మధ్య భవిష్యత్తు పెరుగుదల కింద 25 శాతం కలుపుతారు. అంటే 15,000. ఏడాదికి లక్షా ఎనభై వేలు. ఆ వయసుకి గుణకం, అంటే ఏడాది సంపాదనని ఎన్నిసార్లు హెచ్చవేయాలన్న అంకె, 14. మొత్తం 25,20,000. ఇందులో వైకల్యం ఎంత శాతమో అంత ఇస్తారు.

అసలు పోరాటం ఆ శాతం దగ్గరే. డాక్టరు కాలికి 30 శాతం అని రాశాడనుకోండి, 7,56,000 వస్తుంది. కానీ గుంట మగ్గం మీద కూర్చునే మనిషికి మోకాలు వంగకపోతే, కాలితో పలక తొక్కలేకపోతే, పోయింది 30 శాతమేనా? శరీరానికి ఎంత దెబ్బ తగిలిందని కాదు, సంపాదనకి ఎంత దెబ్బ తగిలిందని చూడాలని 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ట్రిబ్యునల్ దాన్ని 60 శాతంగా ఒప్పుకుంటే 15,12,000. ఆసుపత్రి ఖర్చు, నొప్పికి, తోడున్న మనిషికి ఇచ్చేది వేరే. బాబాయికి జీతం చీటీ లేదు. నూలు ఇచ్చే షావుకారు పుస్తకంలోని లెక్కలు, బ్యాంకు పాస్‌బుక్కు పెట్టాం.

పిటిషన్ వేయడానికి ఆరు నెలలు గడువు. దీని మీద సుప్రీంకోర్టులో సవాలు నడుస్తోంది. గడువు దాటిందన్న కారణంతో కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతర ఆదేశమూ వచ్చింది. దాన్ని నమ్ముకుని కూర్చోకండి, ఆరు నెలల్లోపే వేసేయండి.

ఇచ్ఛాపురం నుంచి చూస్తున్నవాళ్లకి ఒక మాట. బరంపురం బజారుకొచ్చి దెబ్బ తగిలితే, కేసు కోసం ప్రతి వాయిదాకీ ఇక్కడికే రానక్కర్లేదు. మీరు ఉండే చోటే, అంటే శ్రీకాకుళం జిల్లాలోనే, పిటిషన్ వేసుకోవచ్చు. ఎఫ్ఐఆర్ కూడా మీ ఊరి స్టేషన్లో జీరో ఎఫ్ఐఆర్‌గా (ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా రాసుకునేది) ఇవ్వొచ్చు, వాళ్లు ఇక్కడికి పంపుతారు. అప్పుడు కాగితం తెలుగులోనే ఉంటుంది కదా!

లాయరుకి డబ్బుల్లేవంటే 15100కి ఫోన్ చేయండి, అది న్యాయసేవల హెల్ప్‌లైన్. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. "వచ్చిన దాంట్లో ఇంత శాతం నాకు" అనే లాయరు దగ్గరికి మాత్రం వెళ్లకండి. బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని ఒప్పుకోవు.

బాబాయి కేసు ఇంకా నడుస్తోంది. మూడు వేలు ఇచ్చిన ఆ కుర్రాడు మొన్న వాయిదాకి వచ్చి, గుద్దింది తనేనని చెప్పాడు. బయట టీ కొట్టు దగ్గర బాబాయే వాడికి టీ ఇప్పించాడు.