కాళ్లు కడిగే గురువారం: ఈస్టర్ ముందు ఆ సాయంత్రం ఏం జరుగుతుంది?

[తెర మీద: ఇంగ్లండ్‌లోని డరమ్ కెథెడ్రల్, 2025 ఏప్రిల్ 17. బారులు తీరిన పెద్దవాళ్ల మధ్య నడుస్తూ చిన్న చిన్న తోలు సంచులు ఇస్తున్న రాజు చార్లెస్.]

రాజుగారికి అప్పుడు 76 ఏళ్లు. అందుకే 76 మంది మగవాళ్లు, 76 మంది ఆడవాళ్లు వచ్చారు. ఒక్కొక్కరికి రెండు సంచులు, ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. తెల్లదాంట్లో ఆయన వయసెంతో అన్ని పెన్నీల విలువ చేసే వెండి నాణేలు ఉంటాయి. అది సరే, వెనకాల ఉన్న అధికారుల్ని చూడండి.

[క్లోజప్: అంగీ మీద కట్టుకున్న తెల్ల తువ్వాలు, చేతిలో పూలగుత్తి.]

నాణేలు పంచేచోట తువ్వాలుతో పనేంటి? ఒకప్పుడు ఉండేది. ఆ తువ్వాళ్లు బీదవాళ్ల కాళ్లు తుడవడానికి. ఆ పూలు వాసన తెలియకుండా ఉండడానికి.

ఈస్టర్‌కు ముందు వచ్చే గురువారం ఇది. మన క్యాథలిక్కులు పవిత్ర గురువారం అంటారు. మిగతా సంఘాల్లో చాలామంది మాండీ థర్స్‌డే అనే పిలుస్తారు. తేదీ ఏటా మారుతుంది, 2026లో ఏప్రిల్ 2. మర్నాడే గుడ్ ఫ్రైడే.

[తెర మీద: యెరూషలేము, పాత నగరం గోడల బయట సీయోను కొండ మీద మేడగది.]

యేసు తన శిష్యులతో చివరిసారి భోంచేసిన రాత్రి అది. యేసు జీవితాన్ని సువార్తలుగా రాసినవాళ్లలో మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ ఆ భోజనంలోని రొట్టె, ద్రాక్షారసం సంగతి రాశారు. చర్చిల్లో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభు రాత్రి భోజనం అక్కడి నుంచే వచ్చింది. యోహాను మాత్రం ఆ ఘట్టం జోలికే పోడు. ఆయన సువార్త 13వ అధ్యాయం తీస్తే కనిపించేది వేరే దృశ్యం. భోజనం మధ్యలో యేసు లేచి, పైవస్త్రం తీసి పక్కన పెట్టి, తువ్వాలు నడుముకు చుట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి, ఒక్కొక్కరి కాళ్లూ కడగడం మొదలుపెడతాడు.

చెప్పులేసుకుని మట్టిదారుల్లో నడిచే కాలం. కాళ్లు కడగడం ఇంట్లో అందరికంటే కింద ఉన్న నౌకరు పని. మన పెళ్లిళ్లలో మామగారు అల్లుడి కాళ్లు కడుగుతారు, ఎందుకంటే ఆ పూటకి అల్లుడు సాక్షాత్తూ విష్ణువు. ఇక్కడ వరస తలకిందులైంది. గురువే కింద కూర్చుని శిష్యుల కాళ్లు పట్టుకున్నాడు. శిష్యుల్లో ఒకడైన పేతురుకి అది మింగుడు పడలేదు. నా కాళ్లు మీరు కడగడమేంటి, కుదరదన్నాడు. కడగనివ్వకపోతే నాతో నీకు భాగం లేదని యేసు అనేసరికి, అయితే కాళ్లే ఎందుకు, చేతులు, తల కూడా కడగమన్నాడు. పేతురు ఏదీ సగంలో ఆపే మనిషి కాదు.

చాలామంది గమనించని సంగతి ఇంకోటి ఉంది. ఇస్కరియోతు యూదా అప్పటికింకా ఆ గదిలోనే ఉన్నాడు. తనను శత్రువులకు అప్పగించబోయే శిష్యుడు అతనేనని యేసుకు తెలుసు కూడా. ఆ కాళ్లనూ కడిగాడన్నమాట. యూదా బయటికి వెళ్లింది ఆ తర్వాతే.

[తెర మీద: పాత చిత్రం, బీదల ముందు మోకరించిన రాణి.]

నేను చేసినట్టే మీరూ ఒకరి కాళ్లు ఒకరు కడగాలని యేసు చెప్పాడు కాబట్టి రాజులకీ తప్పలేదు. ఇంగ్లండ్‌లో 1210 నాటికే జాన్ రాజు ఈ రోజున బీదలకు దానాలు చేసినట్టు లెక్కల్లో ఉంది. మొదటి ఎలిజబెత్ రాణి నిజంగానే కాళ్లు కడిగేది. కాకపోతే ఒక చిన్న ఏర్పాటు. ముందు బట్టలుతికే విభాగం మనిషి కడగాలి, తర్వాత దానాలు చూసే అధికారులు ఇద్దరు వంతులవారీగా కడగాలి. అలా మూడుసార్లు శుభ్రమైన కాళ్లని రాణిగారు నాలుగోసారి కడిగేది! 17వ శతాబ్దం చివర్లో రెండో జేమ్స్ తర్వాత రాజులు ఆ పని మానేశారంటారు. నా లెక్కలో అందులో ఆశ్చర్యం ఏమీ లేదు, డబ్బులివ్వడం ఎప్పుడూ సులువే. వంగడమే కష్టం.

[తెర మీద: చర్చి లోపల, సాయంత్రం పూజ.]

క్యాథలిక్ చర్చిల్లో ఈ పూజ చాలాకాలం పొద్దున్నే జరిగేది. 1955లో పన్నెండో పయస్ పోప్ సాయంత్రానికి మార్చి, కాళ్లు కడగడాన్ని పూజ మధ్యలోకి తెచ్చాడు. మహిమగీతం పాడేటప్పుడు గంటలు గట్టిగా మోగుతాయి. అంతే, మళ్లీ ఈస్టర్ జాగరణ దాకా మోగవు. కొన్నిచోట్ల బదులుగా చెక్క తాళాలు వాయిస్తారు. చివర్లో దివ్యసత్ప్రసాదాన్ని, అంటే పూజలో అర్పించిన రొట్టెను, వేరే పీఠానికి తీసుకెళ్తారు, అసలు పీఠం మీద గుడ్డ కూడా ఉంచరు. జనం అర్ధరాత్రి దాకా కూర్చుని ప్రార్థిస్తారు. గెత్సేమనే తోటలో యేసు వేదనపడుతుంటే శిష్యులు నిద్రపోయారు కదా, అందుకని. ఈ జాగరణ కొత్తదేం కాదు. 4వ శతాబ్దంలో యెరూషలేము వచ్చిన ఎగేరియా అనే యాత్రికురాలు, ఇదే రాత్రి జనం దీపాలతో ఒలీవ కొండ దిగి గెత్సేమనేకి నడిచారని రాసుకుంది.

[తెర మీద: రోమ్, కాసల్ దెల్ మార్మో.]

ఇక పెద్ద చర్చ ఎవరి కాళ్లు కడగాలన్నది. శిష్యులు పన్నెండు మందీ మగవాళ్లే కాబట్టి నియమం ప్రకారం మగవాళ్లనే కూర్చోబెట్టేవాళ్లు. 2013లో ఫ్రాన్సిస్ పోప్ అయిన కొద్దిరోజులకే ఈ గురువారం వచ్చింది. ఆయన పెద్ద బసిలికా వదిలేసి కాసల్ దెల్ మార్మో అనే బాలనేరస్తుల జైలుకు వెళ్లాడు. అక్కడ పన్నెండు మంది పిల్లల కాళ్లు కడిగి ముద్దుపెట్టుకున్నాడు. వాళ్లలో ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు ముస్లింలు. నియమం ఒప్పుకోదుగా అని కొందరు గొడవ చేశారు. 2016 జనవరిలో నియమమే మారింది, ఆడవాళ్లనూ ఎంచుకోవచ్చని ఉత్తర్వు వచ్చింది. 2024లో రెబిబ్బియా ఆడవాళ్ల జైల్లో తాను చక్రాల కుర్చీలో కూర్చుని ఉండగానే పన్నెండు మంది కాళ్లు కడిగాడు. 2025లో రెజీనా చేలీ జైలుకు వెళ్లాడు కానీ ఒంట్లో ఓపిక లేక కడగలేకపోయాడు. నాలుగు రోజులకే కన్నుమూశాడు.

[తెర మీద: తెలుగు రాష్ట్రాల మ్యాప్.]

మరి మన దగ్గర? 2016 నాటి ఆ ఉత్తర్వు లాటిన్ రీతి, అంటే రోమ్ పూజా పద్ధతి పాటించే చర్చిలకే వర్తిస్తుంది, అదీ తప్పనిసరి కాదు. తెలుగు నేల మీద ఎక్కువ మేత్రాసనాలు, అంటే బిషప్పుల పరిధిలోని ప్రాంతాలు, లాటిన్ రీతివే. ఆదిలాబాద్, శంషాబాద్ మాత్రం కేరళ మూలాలున్న, క్యాథలిక్కులదే అయిన సిరో మలబార్ చర్చివి. ఆ చర్చి 2017లో పాత పద్ధతికే, అంటే మగవాళ్లకే కట్టుబడింది. కాబట్టి పవిత్ర గురువారం సాయంత్రం మీరు హైదరాబాద్‌లో ఏదైనా క్యాథలిక్ చర్చికి వెళ్తే, ముందు వరసలో చెప్పులు విప్పి కూర్చున్న పన్నెండు మందినీ ఓసారి చూడండి. వాళ్లలో ఆడవాళ్లు కనిపిస్తే అది దాదాపుగా లాటిన్ రీతి పూజే.