పాత పికప్ స్టీరింగ్ లూజుకి డయల్ గేజ్: గేజ్ ఓకే, దాని చెయ్యి మాత్రం వద్దు

నమస్తే అందరికీ. ముందే చెప్పేస్తున్నా, ఈ డయల్ గేజ్ సెట్, అంటే చిన్న చిన్న కదలికల్ని ముల్లుతో చూపించే కొలత పరికరం, నాకు ఫ్రీగా వచ్చింది. రివ్యూ చేయమన్నారు, ఏం చెప్పాలో మాత్రం చెప్పలేదు, చెప్పి ఉంటే ఈ వీడియో ఇలా ఉండేది కాదు లెండి. స్పెక్స్ మీరు ఎక్కడో చూసే ఉంటారు: 10 మిల్లీమీటర్ల రేంజ్, 0.01 మిల్లీమీటరు దాకా రీడింగ్, కింద మాగ్నెట్ బేస్, పైన ఎటు కావాలంటే అటు వంగే చెయ్యి. ఆ చెయ్యి గురించి నాకు చెప్పాల్సింది కడుపు నిండా ఉంది, దాని దగ్గరికి వస్తా.

నా పికప్‌కి ఇరవై ఏళ్లు దాటాయి. కొంతకాలంగా స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నా బండి తనకి తోచిన వైపు కొంచెం కొంచెం వెళ్లిపోతోంది, నేను సర్దుతూనే ఉండాలి. అప్పుడు నేను చేసిన తెలివైన పని ఏంటంటే, స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ తిప్పుడుని చక్రాల రాడ్లకి అందించే గేర్ డబ్బా) మీద అడ్జస్ట్‌మెంట్ స్క్రూ ఉంటుంది కదా, లూజంతా అక్కడే ఉందనుకుని దాన్ని బిగించేశా. ప్లే, అంటే ఆ లూజు, తగ్గింది, సంతోషం. తీరా మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదే! మధ్యలో బిర్రుగా పట్టేస్తోంది. ఆ స్క్రూ బాక్స్ లోపల సెక్టార్ షాఫ్ట్ అనే పళ్ల ఇరుసుని పక్క గేర్‌కి దగ్గరగా నెడుతుంది, మరీ బిగిస్తే ఆ పళ్లే అరిగిపోతాయి. నోరు మూసుకుని పాత చోటికే తిప్పేశా. కాబట్టి లింకులు, జాయింట్లు అన్నీ చూశాకే బాక్స్ జోలికి వెళ్లండి.

అసలు దొంగ ఐడ్లర్ ఆర్మ్, అంటే స్టీరింగ్ బాక్స్‌కి అవతలి వైపు స్టీరింగ్ రాడ్లని పట్టుకుని ఉండే ముక్క. దాన్ని పట్టింది ఈ గేజ్ కాదు, మా తమ్ముడు. టైర్లు నేల మీదే ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకి అడ్డాలు పెట్టి, ఇంజిన్ ఆన్ చేసి వాడిని సీట్లో కూర్చోబెట్టా. గడియారంలో 11 నుంచి 1 దాకా అంతే, అటూ ఇటూ ఊపుతూ ఉండమన్నా. నేను కిందకి దూరి, ఫ్యాన్ బెల్టులకి దూరంగా ఉంటూ, ఒక్కో జాయింట్ మీద చెయ్యి వేసి చూశా. ఒక ముక్క కదిలాక రెండోది కాస్త ఆగి కదిలితే ఆ జాయింట్ పోయినట్టే, చేతికి టక్కుమని తెలుస్తుంది. ఐడ్లర్ ఆర్మ్ అయితే పక్కకి కదలాల్సింది పోయి పైకీ కిందకీ ఎగురుతోంది! ఇదే పని జాకీ మీద లేపి చేస్తే అంత తేలిగ్గా దొరకదు, టైర్‌కి నేల అడ్డు ఉండదు కాబట్టి చక్రం ఊరికే తిరిగిపోతుంది.

మరి గేజ్ ఎందుకంటే, బాల్ జాయింట్ల కోసం, అంటే చక్రాన్ని సస్పెన్షన్ ఆర్మ్‌లకి కలిపే గుండు లాంటి కీళ్లు. అక్కడ లెక్క మిల్లీమీటర్‌లో వందో వంతుల్లో ఉంటుంది, ఎంత దాకా పర్లేదో మీ బండి మాన్యువల్‌లోనే చూడాలి. మొదటిసారి ఛాసిస్ కింద జాకీ పెట్టి కొలిచా, ముల్లు కదల్లేదు, భలే అనుకున్నా. నా బండికి స్ప్రింగ్ కింది ఆర్మ్ మీద కూర్చుంటుంది. ఛాసిస్‌ని లేపితే ఆ స్ప్రింగ్ బాల్ జాయింట్‌ని బిగబట్టి ఉంచుతుంది, లూజంతా దాక్కుంటుంది. జాకీని కింది ఆర్మ్ కిందకి, జాయింట్‌కి దగ్గరగా మార్చి, టైర్ కింద రాడ్ పెట్టి లేపితే అప్పుడు కదిలింది ముల్లు. ఇంకోటి, చక్రం పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు కదులుతుంటే తమ్ముడిని బ్రేక్ తొక్కమనండి. కదలిక ఆగిపోతే అది వీల్ బేరింగ్, బాల్ జాయింట్ కాదు.

ఇప్పుడు ఆ చెయ్యి. అబ్బా. పాములా వంగుతుంది, నాబ్ తిప్పితే బిగుస్తుంది అంటారు కదా, బిగుసుకున్నట్టు నటిస్తుంది అంతే. రాడ్‌తో టైర్‌ని లేపగానే ఇదీ కొంచెం కుంగుతుంది. ఒకసారి 0.40 చూపించింది, ఇంకోసారి 0.15, రాడ్ వదిలేశాక సున్నాకి రాదు. కొలవాల్సిందే వందో వంతులైతే, పట్టుకున్న చెయ్యే ఊగుతుంటే నేను బాల్ జాయింట్‌ని కొలుస్తున్నానా, ఈ చెయ్యినా? నా దగ్గర ఏళ్లనాటి స్టాండ్ ఒకటి ఉంది, రెండు ఇనుప కడ్డీలు, మధ్యలో క్లాంపులు. సెట్ చేసేసరికి మెడ పట్టేస్తుంది కానీ ఒకసారి బిగిస్తే బండి కదిలినా అది కదలదు. ఈ కొత్త డయల్‌ కాడ మందం 8 మిల్లీమీటర్లే, పాత క్లాంపులో చక్కగా దూరింది. మూడుసార్లు కొలిచా, మూడుసార్లూ ఒకటే రీడింగ్. అంటే డయల్ బంగారం!

మాగ్నెట్ కూడా బాగుంది, గ్రీజు, తుప్పు గీకి పెట్టండి, ఊడదు. అల్యూమినియం ఆర్మ్ ఉన్న బండికి మాత్రం ఆ ఆర్మ్ మీద అతుక్కోదు, అది గుర్తుంచుకోండి.

సెట్‌గా అయితే నేను కొనను, కోపం వచ్చింది నాకు. డయల్, మాగ్నెట్ విడిగా దొరికితే కొనుక్కోండి, చెయ్యి ఇనుప కడ్డీలదే తీసుకోండి. ఐడ్లర్ ఆర్మ్ కొత్తది వచ్చింది, అది వేసి అలైన్‌మెంట్ చేయించాక బండి ఎలా నడుస్తోందో చూపిస్తా. ఆ వంగే చెయ్యికి ఇప్పుడు టార్చ్ కట్టుకున్నా, బండి కింద పడుకుని పని చేసేటప్పుడు దానికైతే భలేగా పనికొస్తోంది.